కాగితం మీద హారిక ఊపిరి

1998 ఆగస్టు. రామచంద్రపురంలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరుగా చేరి అప్పటికి ఎనిమిదేళ్లయింది. కాలేజీకి నడిచి వెళ్లేంత దూరంలో ఒక పోర్షన్‌లో అద్దెకుండేదాన్ని. ఒక గది, వంటిల్లు, వెనక చిన్న పెరడు. అమ్మ పోయి రెండేళ్లయింది. పెళ్లి మాట ఎత్తేవాళ్లు కూడా ఎత్తడం మానేశారు. శనివారం సాయంత్రం లాబ్‌కి తాళం వేసి ఇంటికొస్తే, సోమవారం పొద్దున అటెండెన్సు పిలిచేదాకా నా గొంతు నాకే వినపడేది కాదు.

ఉద్యోగం చేసుకుంటూనే పీహెచ్‌డీ చేస్తున్నాను. నా అంశం థర్మిస్టర్. అదొక ఆవగింజంత పూస. వెచ్చగాలి తగిలితే దాని రెసిస్టెన్స్, అంటే కరెంటును అడ్డుకునే గుణం, తగ్గుతుంది. చల్లబడితే పెరుగుతుంది. ఎంత త్వరగా తగ్గుతుంది, ఎంత త్వరగా పెరుగుతుంది అన్నదే నా ప్రశ్న. విశాఖపట్నంలో ఉన్న మా గైడుగారు మూడు నెలలకోసారి పిలిచి, నా గ్రాఫులు చూసి, "ఇంకొన్ని రీడింగులు తీయండి" అని పంపేసేవారు. ఇంటికి తిరిగొచ్చే రైల్లో, ఈ పూస సంగతి ఎవరికి కావాలి అనుకునేదాన్ని.

మా కాలేజీలోనే కామర్స్ చెప్పే పద్మావతిగారు కూడా అప్పుడు రీసెర్చి చేసేవారు. కేబుల్ టీవీ వచ్చాక మధ్యతరగతి ఇళ్లలో ఏమేం కొంటున్నారు, ముఖ్యంగా పిల్లల కోసం ఏం కొంటున్నారు అన్నది ఆవిడ అంశం. నాలుగు పేజీల ప్రశ్నావళి పట్టుకుని ఆదివారాలు ఇల్లిల్లూ తిరిగేవారు. "మీరూ రండి, ఊరికే ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు?" అన్నారొకసారి. నిజంగానే చేసేదేమీ లేదు. వెళ్లాను.

అలా వెళ్లిన మూడో ఇల్లు సత్తిబాబుగారిది. ఆయనకి మెయిన్ రోడ్డులో టీవీలు, ఫ్రిజ్‌లు అమ్మే షాపుంది. మనిషి నలభై దాటలేదు. మర్యాదస్తుడు. భార్య పోయి మూడేళ్లయిందని, హారిక అని తొమ్మిదేళ్ల కూతురుందని, ఇంట్లో వంటావిడ సూరమ్మ తప్ప ఇంకెవరూ లేరని ఆయనే చెప్పారు. పద్మావతిగారు ఒక్కో ప్రశ్నా అడుగుతుంటే ఆయన జవాబులు వరసగా వచ్చేస్తున్నాయి. పాప గదిలో ఏసీ, పాపకి వేరే టీవీ, వీడియో గేమ్, ఫోము పరుపు, మూడు రకాల బలం పొడులు.

"మూడెందుకండీ?" అన్నారు పద్మావతిగారు.

"ఒకటి ఎత్తు పెరగడానికండి, ఒకటి జ్ఞాపకశక్తికి, ఇంకోటి నీరసానికి. టీవీలో చూసి తనే అడుగుద్దండి. మా అమ్మలుకి నీరసం ఎక్కువ. క్లాసులో నిద్రపోతోందని టీచర్లు రోజూ నిలబెడుతున్నారు. గది చూపిస్తాను రండి."

మధ్యాహ్నం మూడవుతోంది. హారిక నిద్రపోతోంది. గది చల్లగా ఉంది. బొమ్మలు షాపులో పెట్టినట్టు అద్దాల బీరువాలో పేర్చి ఉన్నాయి. అంత పెద్ద మంచం మీద ఆ పిల్ల ఒక మూలకి, మెడ వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని పడుకుంది. ఏసీ హోరులోంచి గురక వినపడుతోంది. పెద్ద మగమనిషి పెట్టినట్టు గురక.

ఉన్నట్టుండి గురక ఆగిపోయింది.

లాబ్‌లో స్టాప్‌వాచీతో పనిచేసేవాళ్లకి ఒక అలవాటుంటుంది. ఏది ఆగినా లోపల అంకెలు మొదలవుతాయి. ఒకటి, రెండు, మూడు... పద్నాలుగు దాకా లెక్కపెట్టాను. పిల్ల ఒళ్లంతా ఒక్కసారి కుదుపుకుని, గుటక వేసినట్టు గాలి లాక్కుని, మళ్లీ గురక అందుకుంది.

"ఇలా ఎప్పట్నుంచండీ?" అన్నాను.

"గురకా అండీ? చిన్నప్పట్నుంచీ కొంచెం ఉంది. హాయిగా పడుకుంటుందండి, అదొక్కటే అదృష్టం" అన్నారాయన.

"మధ్యలో ఆగుతోందండి."

ఆయనకి అర్థం కాలేదు. "ఆగితే మంచిదే కదండీ" అన్నారు.

మర్నాడు కాలేజీలో టెలిఫోను దగ్గర నిలబడి, రాజమండ్రిలో పిల్లల డాక్టరు మూర్తిగారికి ఫోను చేశాను. కాలేజీలో ఆరోగ్యం మీద ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చినప్పటి పరిచయం. పిల్లల నిద్ర గురించి ఆయన సొంత ఆసక్తితో కేసులు రాసి పెట్టుకునేవారు. నేను చెప్పింది విని, "వెంటనే తీసుకురమ్మనండి" అన్నారు.

సత్తిబాబుగారు తీసుకెళ్లారు. ఎక్స్‌రే తీస్తే ముక్కు వెనక అడినాయిడ్స్ బాగా పెరిగి ఉన్నాయి. అంటే గొంతు పై భాగంలో ఉండే కండలాంటి గడ్డలు. పిల్ల నిద్రపోగానే కండరాలు వదులై, ఆ గడ్డలు దారి మూసేస్తున్నాయి. ఊపిరి ఆగిన ప్రతిసారీ మెదడు కాసేపు మేలుకుంటుంది. రాత్రంతా అదే పని. పొద్దున్నకి ఆ పిల్ల ఎనిమిది గంటలు పడుకుని లేచిందే గాని, నిద్రపోయి లేవలేదు. చిన్న ఆపరేషను చేసి తీసేయాలి, వదిలేస్తే గుండె మీద కూడా భారం పడుతుంది అన్నారు డాక్టరుగారు.

సత్తిబాబుగారు ఒప్పుకోలేదు.

నెల తిరిగినా ఆయన రాకపోయేసరికి డాక్టరుగారు నన్నే కనుక్కోమన్నారు. షాపుకి వెళ్లాను. ఆయన నన్ను కూర్చోబెట్టి కూల్‌డ్రింకు తెప్పించి, తలొంచుకుని చెప్పారు. "వాళ్లమ్మక్కూడా చిన్న ఆపరేషనే అన్నారండి. గంటలో బయటికి తీసుకొస్తామన్నారు. ఇంకేం చెప్పమంటారు? ఇంకోటి ఏదైనా చెప్పండి, ఎంతలోదైనా కొంటాను. కత్తి మాట మాత్రం ఎత్తకండి."

"ఒక్కసారి పాప పక్కన పడుకుని వినండి. మీకే తెలుస్తుంది."

ఆయన కూల్‌డ్రింకు సీసా నా వైపు జరిపారు. "అది నాదీ, వాళ్లమ్మదీ గదండి. నేను ముందు హాల్లోనే పడుకుంటాను. ఆ గదిలో నాకు ఊపిరాడదు."

ఇంటికొచ్చి డాక్టరుగారి మాటలే తలుచుకున్నాను. పెద్ద నగరాల్లో నిద్రలో ఊపిరిని కాగితం మీద గీసే యంత్రాలుంటాయట. ఇక్కడ అది ఒక్కటుంటే ఆ తండ్రికి చూపించేవాణ్ని అన్నారాయన. నా బల్ల మీద ఏడేళ్లుగా వెచ్చదనాన్నీ చల్లదనాన్నీ కొలుస్తున్న పూసలున్నాయి. వదిలే ఊపిరి వెచ్చన, పీల్చే గాలి చల్లన. నాకా ఆలోచన ఏడేళ్లలో ఒక్కసారీ రాలేదు.

వారం రోజులు పట్టింది. థర్మిస్టర్‌ని మెత్తటి గొట్టం ముక్కలో అమర్చి, చిన్న బ్యాటరీలతో నడిచే సర్క్యూట్‌కి కలిపి, దాన్ని లాబ్‌లో ఉన్న చార్ట్ రికార్డరుకి తగిలించాను. చార్ట్ రికార్డరంటే, కాగితం చుట్ట నెమ్మదిగా కదులుతుంటే దానిమీద పెన్ను అటూ ఇటూ ఊగుతూ గీత గీసే పెట్టె. నా ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నాను. అలలు వచ్చాయి. "ఆపరేషను మాట ఎత్తను, పాపకి సూది కూడా గుచ్చను, ఒక మిషన్ పెట్టి చూస్తాను" అంటే సత్తిబాబుగారు ఒప్పుకున్నారు. మిషనంటే ఆయనకి నమ్మకం.

మొదటిసారి నేను ఓడిపోయాను. ఆదివారం మధ్యాహ్నం పాప పడుకున్నాక పూసని ముక్కు కింద పెట్టాను. పెన్ను కదల్లేదు. గురక వినపడుతూనే ఉంది, గీత మాత్రం తిన్నగా పోతోంది. సత్తిబాబుగారు జాలిగా చూసి, "వైరు ఎక్కడో ఊడుంటుందండి" అన్నారు. పెట్టె మోసుకుని రిక్షాలో ఇంటికొచ్చాక గాని వెలగలేదు. ఆ పిల్ల ముక్కుతో ఊపిరి తీసుకోవడమే లేదు. అంతా నోటితోనే. నేను గాలి రాని చోట గాలిని కొలిచాను. ఇది ఏ పసిపిల్లల తల్లినడిగినా చెప్పేది.

తరవాతి ఆదివారం ముక్కు దగ్గరొకటి, పెదవి దగ్గరొకటి, రెండు పూసలు పెట్టాను. ఈసారి పెన్ను కదిలింది. చక్కటి అలలు. సత్తిబాబుగారు గుమ్మంలోనే నిలబడ్డారు. వస్తువులమ్మే మనిషి కదా, కాసేపటికి పెట్టె ఆయన్ని లోపలికి లాగింది. వచ్చి నా పక్కన కూర్చుని పెన్నునే చూస్తున్నారు. పావుగంట గడిచింది. అలలు పెద్దవయ్యాయి, గురక పెరిగింది.

పెన్ను ఆగింది. కాగితం కదులుతోంది, గీత తిన్నగా సాగుతోంది.

సత్తిబాబుగారు వేలితో పెట్టె మీద మెల్లిగా తట్టారు. "మిషన్ ఆగిపోయిందండీ."

"మిషన్ ఆగలేదండి" అన్నాను.

ఆయన పెన్ను వైపు చూశారు, నా వైపు చూశారు. అప్పుడు తల తిప్పి కూతుర్ని చూశారు. పిల్ల డొక్కలు ఎగురుతున్నాయి. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతోంది. గాలి కోసం ఒళ్లంతా పెనుగులాడుతోంది, మొహం మాత్రం నిద్రలోనే ఉంది. పదిహేడు సెకన్లు. ఆ పదిహేడు సెకన్లలో ఆయన మంచం మీదకి ఎలా వెళ్లారో నాకు గుర్తులేదు. వైర్లు లాగేసుకుంటూ పిల్లని ఎత్తి గుండెకి హత్తుకుని, "అమ్మలూ! అమ్మలూ! లేమ్మా!" అంటున్నారు. హారిక కళ్లు తెరిచి, "ఏంటి నాన్నా?" అంది. ఆ గొంతులో భయం లేదు, ఆశ్చర్యముంది. ఆ మంచం మీద నాన్నని చూసి ఎన్నాళ్లయిందో.

వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చిన సూరమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి, "నేనెప్పుడో చెప్దామనుకున్నానండి బాబుగారూ. నన్నెవరూ అడగలేదు" అంది.

దసరా సెలవుల్లో కాకినాడలో ఆపరేషన్ జరిగింది. సత్తిబాబుగారు రమ్మంటే వెళ్లాను. థియేటరు తలుపు మూసినప్పట్నుంచి తెరిచేదాకా ఆయన కూర్చోలేదు. నేనూ పక్కనే నిలబడ్డాను. ఇద్దరం గోడకేసి చూస్తూ నిలబడ్డ ఆ ముప్పావుగంట నాకు ఆ ఏడాది మొత్తం మీద ఏ పనీ లేకుండా ఇంకో మనిషి పక్కన ఎక్కువసేపు ఉన్న సమయం అని తరవాత తట్టింది.

పాప కులాసాగా బయటికొచ్చింది. ఇంటికెళ్లాక ఇంకో తమాషా. గురక పూర్తిగా పోయింది. అలవాటైన చప్పుడు లేక సత్తిబాబుగారికి భయం పట్టుకుంది. మంచం పక్కన నేల మీద చాప వేసుకుని, పదే పదే లేచి పిల్ల ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసేవారట. "నన్ను పడుకోనివ్వట్లేదండీ ఈ నాన్న" అని హారిక నాకు ఫిర్యాదు చేసింది.

డిసెంబరులో మళ్లీ ఒకసారి రికార్డు చేశాను. అరగంట సేపు ఒకే తీరుగా అలలు. పాప లేచాక ఆ కాగితం చూపించాను. చుట్ట విప్పుతూ, వేలితో అలల మీద రాస్తూ అడిగింది.

"మీ ఇంట్లో మీ దగ్గర ఎవరు పడుకుంటారండీ?"

"ఎవరూ లేరమ్మా. నేనొక్కదాన్నే."

"మరి మీకు ఆగిపోతే ఎవరికి తెలుస్తుంది?"

సత్తిబాబుగారు "తప్పు, అలా అడక్కూడదు" అని కసిరారు. నేను నవ్వేశాను. రిక్షా ఎక్కాక ఆ నవ్వు ఉండలేదు.

ఆ వచ్చే ఆదివారం లాబ్ తెరిచి, బల్ల మీద దుప్పటి పరుచుకుని, పూసలు రెండూ నాకే పెట్టుకుని పడుకున్నాను. నిద్ర పట్టలేదు. పెన్ను గీకుతున్న చప్పుడు వింటూ పైకప్పు చూస్తూ ఉండిపోయాను. లేచి చూస్తే మూడు గజాల కాగితం మీద మేలుకుని ఉన్న మనిషి ఊపిరి. లోపమేమీ లేదు. దాన్ని ఎవరికి చూపించాలో తెలియక చుట్టచుట్టి చించేశాను.

హారిక కేసు నా సిద్ధాంత గ్రంథంలోకి రాలేదు. ఒక్క పిల్లతో ఏదీ రుజువు కాదని గైడుగారన్నారు, అది నిజమే. డాక్టరుగారు మాత్రం నేను కట్టిన పూసల సర్క్యూట్‌ని అడిగి తీసుకున్నారు. తరవాత పూసలు పాడైనప్పుడల్లా కొత్తవి చేసిచ్చాను. పద్మావతిగారు ప్రశ్నావళి చివర కొత్తగా ఒక ప్రశ్న కలిపారు: పిల్లల గదిలో పిల్లలతో పాటు ఎవరు పడుకుంటారు? చాలా ఇళ్లలో ఆ గడి ఖాళీగా వదిలేసేవారని చెప్పేవారు.

రిటైరయ్యేదాకా ప్రతి ఏడూ థర్మిస్టర్ ప్రయోగం చెప్పేటప్పుడు ఇది పిల్లలకి చెప్పాను. యంత్రం కనిపెట్టింది అనుకుని వాళ్లు సంబరపడేవారు. యంత్రం ఏమీ కనిపెట్టలేదు. సూరమ్మకి ముందే తెలుసు. సత్తిబాబుగారు ఒక్క పూట పక్కన కూర్చుంటే తెలిసేది. నాకు తెలిసింది కూడా, వెళ్లడానికి ఇంకెక్కడా చోటు లేక ఆ గదిలో కాసేపు నిలబడినందువల్ల. మనిషి మనిషికి దగ్గరగా వెళ్లలేనప్పుడు, ఆ మధ్య దూరాన్ని దాటించడానికి ఒక్కోసారి ఒక వస్తువు కావాలి. నా ఉద్యోగమంతటిలో ఫిజిక్స్ చేసిపెట్టిన పెద్ద పని అదే. అది నా దూరాన్ని మాత్రం దాటించలేదు. అందుకు ఫిజిక్స్‌ని తప్పు పట్టను. నేనే ఎవర్నీ పక్కన కూర్చోమని అడగలేదు.