ఛాయిస్‌లో వదిలేసిన అధ్యాయం

కాలేజీల వాళ్లు అప్పుడప్పుడు నన్ను పిలుస్తుంటారు. ప్రాసెస్ ఇంప్రూవ్‌మెంట్‌లో, అంటే పని జరిగే పద్ధతిని మెరుగుపరిచే చోట, ఉద్యోగం చేయాలంటే ఏం చదవాలి, లెక్కలు ఎంతవరకు రావాలి అని పిల్లలు అడుగుతారు. సగటు, విచలనం, కాస్త సంభావ్యత, గ్రాఫు చూసి అర్థం చేసుకునే ఓపిక, పని చేసే మనిషితో కూర్చుని మాట్లాడే అలవాటు అని చెబుతాను. చప్పట్లు కొడతారు. శాలువా కూడా కప్పుతారు. అది భుజాల మీద పడగానే నాకు సిగ్గేస్తుంది. ఎందుకు సిగ్గో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నది కూడా పేర్లు లేకుండానే. నా ధైర్యం అంతవరకే వచ్చింది.

తొంభైల చివర్లో స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ పూర్తి చేసి, కోస్తా నుంచి హైదరాబాదు వచ్చాను. ఫస్ట్ క్లాసే. ఆ ఫస్ట్ క్లాసు ఎలా వచ్చిందో మా బ్యాచ్‌లో అందరికీ తెలుసు. పరీక్షలో ఎనిమిది ప్రశ్నలిస్తారు, ఐదు రాస్తే చాలు. కాబట్టి సిలబస్‌లో మూడో వంతు ఛాయిస్‌లో వదిలేయడం మా ఆనవాయితీ. పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని ఏ అధ్యాయం వదిలితే ప్రమాదం లేదో తేల్చుకునేవాళ్లం. చదువుకున్న రోజుల్లో నేను సొంతంగా చేసిన లెక్క బహుశా అదొక్కటే. మిగతావన్నీ బట్టీ పట్టినవే. క్వాలిటీ కంట్రోల్ పేపర్లో నేను వదిలేసింది, చిన్నవీ పెద్దవీ కలిసి ఉన్నప్పుడు తప్పుల్ని ఎలా పోల్చాలో చెప్పే అధ్యాయం. సూత్రాలు పొడుగ్గా ఉన్నాయని వదిలేశాను.

మాదాపూర్‌లో అప్పటికింకా భవనాలకంటే బండరాళ్లే ఎక్కువ. అక్కడ ఒక మూడంతస్తుల మేడలో నాకు ఉద్యోగం దొరికింది. విదేశీ డాక్టర్లు రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటల్ని ఇక్కడివాళ్లు హెడ్‌ఫోన్లలో విని టైపు చేసే ఆఫీసు అది. ఇంటర్వ్యూలో మేనేజరుగారు, "స్టాటిస్టిక్స్ మొత్తం వచ్చాండీ?" అని అడిగారు. "మొత్తం వచ్చండి" అన్నాను, తడుముకోకుండా.

టైపు చేసేవాళ్లు నలభై మంది దాకా ఉండేవారు. వాళ్ల హాలు పక్కనే నాకు ఏసీ ఉన్న అద్దాల గది ఇచ్చారు. అద్దంలోంచి వాళ్ల వీపులు కనిపించేవి. ఆ హాల్లో కుర్చీ వేసుకుని ఒక్కపూటైనా కూర్చున్నానా అంటే, లేదు. నేను లెక్కల మనిషిని కదా, మనుషులతో పనేమిటి అనుకున్నాను.

ఐదారు నెలలకి, తప్పులు ఎక్కువగా వస్తున్నాయని అవతలి కంపెనీ నుంచి గట్టిగా ఫిర్యాదు వచ్చింది. మేనేజరుగారు నన్ను పిలిచి, "ఎవరివల్ల వస్తున్నాయో మీరు తేల్చండి. గీత దాటినవాళ్లని పంపించేద్దాం" అన్నారు. నేను ఉత్సాహంగా కూర్చున్నాను. ఒక్కొక్కరు నెలలో చేసిన తప్పులు తీసుకుని, వాళ్లు టైపు చేసిన ఫైళ్ల సంఖ్యతో భాగించాను. సగటు కట్టాను, మేం సిగ్మా అనే విచలనం కట్టాను, సగటుకి పైన మూడు సిగ్మాల దూరంలో ఎర్ర గీత గీశాను. మనిషికొకటి చొప్పున పెట్టిన నలభై చుక్కల్లో ఒక్కటే గీత దాటింది, అదీ చాలా దూరం.

ఆ చుక్క ముప్పై అయిదేళ్ల ఆవిడది. హాల్లో అందరికంటే పెద్దది, అందరూ అక్కా అనేవారు. ఇంటర్ చదివి, చాలా ఏళ్లు ఒక లాయరు దగ్గర టైపు చేసి వచ్చింది. మూసాపేటలో కిరాయి ఇంట్లో తల్లితో ఉండేది. ఆ ఇల్లు ఆవిడ జీతం మీదే నడిచేది.

నాకు తెలియంది, ఆ హాల్లో అందరికీ తెలిసింది ఒకటుంది. పొద్దున్నే ట్రేలో చీటీలు పెట్టేవారు, ఒక్కో చీటీ మీద ఆ రోజు ఎవరి మాటలు టైపు చేయాలో ఆ డాక్టరు నంబరు. ఏ నంబరు ఎలాంటిదో అందరికీ కంఠతా వచ్చు. ఒకాయన ఏదో నములుతూ మాట్లాడతాడు. ఇంకొకాయన ఊపిరి తీసుకోకుండా అరగంట చెబుతాడు. అలాంటి చీటీ చేతికొచ్చిన పిల్ల నేరుగా ఆవిడ బల్ల దగ్గరికి వెళ్లేది. "అక్కా, జర నువ్వు చూడవా, నాకు ఒక్క ముక్క సమజైతలేదు." "పెట్టిపో చెల్లె" అనేది ఆవిడ. ఆ కష్టమంతా అలా ఒక్క బల్ల మీదికే చేరేది.

నేను మేనేజరుగారికి ఇచ్చిన గ్రాఫు సంగతి బయటికి పొక్కాక, శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ నా గదిలోకి వచ్చింది.

"సార్, నా తప్పులెక్కువున్నయంటున్రు. ఒక్కో ఫైల్ల ఎన్ని లైన్లుంటయో జర చూసిన్రా?"

"అవన్నీ సగటులో సర్దుకుపోతాయండి."

"నాయి పది పన్నెండు పేజీలుంటయి సార్. పిల్లలయి ఒకటి రెండు పేజీలే."

ఆ మాటలో నిజం ఉందని నాకు తట్టింది. అయినా తగ్గలేదు. "మూడు సిగ్మాలు దాటిందండి. అంటే అది అనుకోకుండా వచ్చింది కాదు" అన్నాను. ఆవిడకి సిగ్మా అంటే తెలియదని తెలిసే ఆ మాట వాడాను.

"అట్లనా. మీరు సదువుకున్నోళ్లు సార్, మీకెరుక" అని ఆవిడ వెళ్లిపోయింది. వెటకారం ఉందేమోనని ఆ మాటని చాలాసార్లు గుర్తు చేసుకున్నాను. లేదు, నిజంగానే నమ్మి అంది.

ఆదివారం పొద్దున నేను అద్దెకున్న గదిలో మనసు నిలవక పుస్తకం తీశాను. ఆ అధ్యాయం పేజీలు కొత్తగా ఉన్నాయి, ఎక్కడా పెన్సిలు గీత కూడా లేదు. అంతా చదవాల్సిన పని కూడా లేకపోయింది. తప్పుల్ని ఫైళ్లతో కాకుండా లైన్లతో భాగించాలి. దానికి ఎమ్మెస్సీ అక్కర్లేదు, ఐదో తరగతి లెక్క చాలు. ఆఫీసు నుంచి తెచ్చుకున్న కాగితాల్లో లైన్ల సంఖ్య పక్క గడిలోనే ఉంది, ఇన్నాళ్లూ నేను దాని వైపు చూడలేదు. మళ్లీ కట్టాను. ఆవిడ ఆ హాల్లో రెండో స్థానంలో ఉంది, మంచివాళ్లలో. అంత పాడు ఫైళ్లు చేస్తూ కూడా.

సోమవారం ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకుని మేనేజరుగారి గదికి వెళ్లాను.

"రండి రండి. మీ గ్రాఫు అవతలి కంపెనీవాళ్లకి భలే నచ్చిందటండీ. మిమ్మల్ని పర్మనెంట్ చేయమని పైకి రాశాను. ఏదో చెప్పాలని వచ్చినట్టున్నారు?"

నా లెక్క తప్పండి అంటే సరిపోయేది. నోరు పెగల్లేదని రాస్తే అబద్ధమవుతుంది. నోరు బాగానే పెగిలింది. "ఏం లేదండి, థాంక్స్ చెబుదామని" అంది. ఆ గదిలోంచి బయటికి రావడానికి పది అడుగులు వేయాలి. ఒక్కో అడుగుకీ వెనక్కి తిరగొచ్చు. తిరగలేదు. అంత పిరికివాణ్ని అని నాకు అంతవరకు తెలియదు.

మధ్యాహ్నం ఆవిడకి లెటరు ఇచ్చేశారు. హెడ్‌ఫోన్లు అప్పజెప్పి వెళ్లిపోతుందనుకుని నేను తల వంచుకుని ఏదో చదువుతున్నట్టు నటిస్తున్నాను. తలుపు తెరుచుకుంది.

"సార్, పనిల ఉన్నరా?"

"చెప్పండి."

"నన్ను తీసేసిన్రు. దానికేం ఫికర్ లేదు గని, ఇన్నేండ్లు మంచిగనే చేస్తున్న అనుకున్న. నా తప్పులు నాకే తెల్వకపాయె. ఆ లెక్క ఎట్ల చేస్తరో జర చూపిస్తరా? ఇంకోకాడ దొరికితే వారం వారం నేనే చూసుకుంట."

దెబ్బలాడటానికి వచ్చిందేమో అనుకున్నాను. అలా వచ్చినా బాగుండేది. సరైన లెక్క నేర్పితే, అక్కడికక్కడే తన అంకెలు వేసి చూసుకుంటుంది. రెండు నిమిషాల్లో నేనేం చేశానో తెలిసిపోతుంది. అంత చురుకైన మనిషి.

తెల్ల కాగితం తీసుకున్నాను. తప్పులు పైన వేయండి, ఫైళ్లు కింద వేయండి, భాగించండి అని చెప్పాను. ఆవిడ పెన్సిలు అడిగి తీసుకుని, కింద ఒక లెక్క తానే వేసి చూసుకుంది. అంకెలు ముత్యాల్లా ఉన్నాయి.

"సరిగనే వచ్చిందా సార్?"

భాగహారంలో ఒక్క తప్పు లేదు. "వచ్చిందండి" అన్నాను.

"గింత తేలికనా. ముందే అడిగేదుండె" అంటూ కాగితం నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది. దండం పెట్టి వెళ్లింది.

తర్వాతి నెల నుంచి లైన్లతో భాగించడం మొదలుపెట్టాను, దానికి మెరుగుపరచిన పద్ధతి అని పేరు పెట్టి. అందుకూ నన్ను మెచ్చుకున్నారు. ఆ మార్పు ఆవిడకి చెప్పినవాళ్లు లేరు. చెప్పాల్సింది నేనే. మూసాపేట మీదుగా బస్సులో రోజూ వెళ్తూ ఒక్కరోజు కూడా దిగలేదు. ఆవిడ ఎక్కడ చేరిందో తెలియదు. ఎక్కడ చేరినా, కష్టమైన ఫైళ్లన్నీ మళ్లీ తనే తీసుకుని ఉంటుంది. వారం వారం నేను నేర్పిన లెక్క వేసుకుని, తప్పంతా తనదేనని నమ్మి ఉంటుంది.