అక్షింతల పురుగు పిల్లల మీద నా దండయాత్ర

మా జహీరాబాద్ కాలనీలో చిక్కుడు పాదులన్నీ ఒక్క వారంలో ఎలా నల్లబడిపోయాయని ఎవరైనా అడిగితే, వాతావరణం అనో కలికాలం అనో చెప్పి తప్పుకుంటాను. మీ దగ్గర దాపరికం ఎందుకు? అది అచ్చంగా నా ప్రతిభ. ఏ చీడకీ చేతకాని విధ్వంసాన్ని చదువుకున్నవాడు, అందునా ఇంజినీరు, చేసి చూపించిన కథ ఇది.

తణుకు నుంచి వచ్చి ఇక్కడి ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో చేరిన కొత్త రోజులవి. పొద్దస్తమానం ఇనుప ముక్కల్లో లోపాలు వెతకడం నా ఉద్యోగం. వెంట్రుకవాసి పగులైనా నా కంటిని దాటిపోదని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం నాకు తప్ప ఇంకెవరికీ లేదనుకోండి, అది వేరే సంగతి.

డాబా మీది చిక్కుడు పాదు నా భార్య శారదది. విత్తనం మాత్రం కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు అనసూయమ్మ గారిది. "మా అవ్వ కాలం నాటి ఇత్తనం బిడ్డా. దాసినయన్ని పురుగు వట్టి పోయినయి, గీ నాలుగు గింజలే మిగిలినయి. మంచిగ పెంచి నాకు మల్ల ఇత్తనం ఇయ్యాలె" అని చేతిలో పెట్టింది. నాలుగింటిలో ఒక్కటే మొలిచింది. శారద దాన్ని చంటిపిల్లలా సాకింది.

పాదు పూతకొచ్చిన సమయానికి శారద వాళ్ళక్క కూతురి పెళ్ళికి వెళ్ళింది. అనసూయమ్మ గారు కంది కోతలకని మొగుడంపల్లిలో తమ్ముడి దగ్గరికి వెళ్ళింది.

"రోజూ నీళ్ళు పోయండి. ఇంకేం చెయ్యకండి" అని శారద మరీ మరీ చెప్పింది.

ఇంకేం చెయ్యవద్దంటే మగాడన్నవాడు ఊరుకోగలడా, మీరే చెప్పండి!

రెండో రోజే కనిపెట్టాను. లేత కొమ్మ మీద ఒక నల్లటి పురుగు. ఒళ్ళంతా ముళ్ళు, వీపున నారింజ మచ్చలు, గోరంత మొసలిలా ఉంది. దాని చుట్టూ ఆవగింజల్లా చిన్న చిన్న నల్ల పురుగులు గుంపుగా అంటుకుని ఉన్నాయి. నా బుర్ర చకచకా పనిచేసింది: పెద్దది తల్లి, చిన్నవి పిల్లలు. తల్లిని తీసేస్తే పాలిచ్చే దిక్కులేక పిల్లలే పోతాయి. పురుగులు పాలిస్తాయా అని అడక్కండి. అప్పుడు నన్ను అడిగేవాళ్ళు లేరు.

పైగా నా జాలిగుండె చూడండి. అదే కొమ్మ మీద ఎర్రటి ఒంటిపై నల్ల చుక్కలతో అక్షింతల పురుగులు ముద్దొస్తుంటే, "మీరు హాయిగా ఉండండమ్మా" అని వదిలేశాను. శారద కనుబొమలు సవరించుకునే పట్టకారు తెచ్చి, పాదంతా వెతికి అలాంటి మొసళ్ళను ఒక్కొక్కటే ఏరి సబ్బునీళ్ళలో వెయ్యడం మొదలుపెట్టాను.

పక్క డాబా మీది రిటైర్డ్ హెడ్మాస్టారు పిట్టగోడ మీంచి తొంగిచూశారు. "ఏం జేస్తున్నరు ఇంజినీర్ సాబ్?"

"చీడ సార్! మూలం దొరికింది. ఈ ముళ్ళదాన్ని ఏరేస్తే చాలు."

"గా చిన్నయి?"

"అనాథలు. వాటంతటవే పోతాయి."

"వారెవ్వా! చదువంటే గిది! మా పాదు మీద గూడ గవే ఉన్నయి. జర అందరికి చెప్పున్రి."

చెప్పకుండా ఉంటానా? ముళ్ళపురుగు ఫొటో తీసి "కనబడితే వదలొద్దు" అని కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. చప్పట్లు, దండాలు, బొటనవేళ్ళు వచ్చిపడ్డాయి. సాయంత్రానికి కాలనీలో ప్రతి డాబా మీదా పట్టకార్లు ఆడాయి.

అనాథలు మాత్రం పోలేదు. పెరిగాయి. పూత కప్పేశాయి, ఆకులు జిగురుతో మెరిశాయి, చీమలు బారులు కట్టాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుందామంటే పట్టుకోవడానికి నాలుగు ఆకులైనా మిగిలేలా లేవు.

వారం తర్వాత ఆడవాళ్ళిద్దరూ ఒకే రోజు తిరిగొచ్చారు. శారద పాదును చూసి తొట్టె పక్కన కూలబడింది. అరిచినా బాగుండేది.

"ఏం మందు గొట్టిన్రు సారూ?" అంది అనసూయమ్మ గారు.

"మందు కాదండీ. తల్లి పురుగుల్ని ఏరేశాను" అని గర్వంగా ఫొటో చూపించాను.

ఆమె ఫోన్ వంక, నా వంక మార్చి మార్చి చూసింది. "తల్లి గాదు సారూ! గివి అక్షింతల పురుగు పిల్లలు. గా నల్లటి పేనుబంకను తినేటియే గివి. కావలోన్ని సంపి దొంగకు బువ్వ వెట్టిన్రు గదా!"

అంటే, తల్లిదండ్రులకు హాయిగా ఉండమని దీవెనలిచ్చి, వాళ్ళ కళ్ళెదుటే పిల్లల్ని సబ్బునీళ్ళలో ముంచానన్నమాట.

"మా అవ్వ ఇత్తనం..." అంటూ ఆమె నల్లబడిన పూతను వేళ్ళతో తడిమింది. అప్పటిదాకా నాకు సిగ్గుగా ఉంది. అప్పుడు భయం వేసింది.

ఆమె కళ్ళు తుడుచుకుని పనిలోకి దిగింది. బాగా పాడైన కొసలు కత్తిరించింది. మిగతావి నా చేత నీళ్ళతో కడిగించింది. "ఇగ మా తమ్ముని చేనుకు పోయి, సంపినయన్ని తిరిగి తేన్రి" అని ఆజ్ఞాపించింది.

చిల్లులు పెట్టిన మిఠాయి డబ్బా పట్టుకుని మొగుడంపల్లి వెళ్ళాను. గట్టు మీది అలసంద తీగల మీంచి ఆ ముళ్ళమొసళ్ళను పూలలా ఏరి తెచ్చాను. బస్సులో పక్కాయన "మిఠాయా?" అని ఆశగా అడిగితే "పురుగులండీ" అన్నాను. చిరాగ్‌పల్లి స్టాపు రాకముందే ఆయన వేరే సీటు చూసుకున్నాడు.

పాదు మీద వాటిని వదిలి, గ్రూపులో క్షమాపణ పెట్టి, తృప్తిగా పడుకున్నాను. మర్నాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి హెడ్మాస్టారు మా డాబా మీద చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నారు. చేతిలో సబ్బునీళ్ళ గ్లాసు.

"ఇంజినీర్ సాబ్, మల్ల వచ్చినయి! మీరు డ్యూటీల ఉన్నరని నేనే పిట్టగోడ దాటొచ్చి ఒక్కటి విడువకుంట ఏరేసిన. శుక్రియా గిట్ల వద్దు."

"గ్రూపు చూడలేదా సార్?"

"ఎందుకు చూసుడు? మీరు మొదాలు చెప్పింది మనసుల వెట్టుకున్న."

జీవితంలో నా మాటను తూచా తప్పకుండా పాటించిన మనిషి ఆయనొక్కరే. మళ్ళీ మొగుడంపల్లి బస్సెక్కాను.

ఈసారి పురుగులు నిలిచాయి, పాదు తేరుకుంది. మాఘమాసం చివర్లో ఎండిన కాయలు వలిస్తే దోసెడు గింజలు వచ్చాయి. అనసూయమ్మ గారు వాటిని కళ్ళకద్దుకుని, సగం శారద కొంగులో పోస్తూ, "సారు చేతికి మాత్రం ఇయ్యకు బిడ్డా" అంది.

కాబట్టి, పంచభూతాల సాక్షిగా, హెడ్మాస్టారు వినకుండా, ఇదే నా శపథం: ఇకమీదట ఏ పురుగు ఎదురైనా దాని పేరు, తిండి, అమ్మానాన్నల వివరాలు కనుక్కోకుండా చెయ్యెత్తను. పొరపాటున ఏదైనా కనిపెట్టినా, ప్రాణం పోయినా సరే, ఎవరికీ చెప్పను.