అంజిలయ్య పీపా

ఇబ్రహీంపట్నం సారాబట్టీలో ముప్పయ్యేళ్లు పనిచేసినా అంజిలయ్య ఒక్క చుక్క ముట్టలేదు. వాసన చూస్తే చాలు, కడుపు నిండేది. బెల్లం సారాను తాత నాటి టేకు పీపాలో పోసి, నీడపట్టున మూడేళ్లు మాగబెట్టేవాడు. పొద్దున్నే వేలి కణుపులతో పీపాను తట్టి, తొట్లెలో బిడ్డ కదిలిందేమో అన్నట్టు చెవి ఆనించి వినేవాడు. పంతొమ్మిది వందల నలభై ఎనిమిది ఎండాకాలంలో, రజాకార్లతో పోరాడే సంఘం వాళ్లొచ్చి సర్కారు గుత్తేదారు బట్టీని ధ్వంసం చేశారు. కుండలన్నీ పగిలాక, వాళ్ల నాయకుడు కొండల్ పీపా మీదికి గొడ్డలెత్తాడు. అంజిలయ్య అడ్డం నిలబడ్డాడు. "సారా పారబొయ్యి తమ్మి. కట్టె ఏం పాపం జేసింది?" కొండల్ గొడ్డలి దించాడు. మూడేళ్ల సారా నేలలో ఇంకింది.

ఖాళీ పీపాను అంజిలయ్య ఇంటికి దొర్లించుకుపోయాడు. ఎండితే చెక్కలు విచ్చుకుంటాయని బావినీళ్లతో నింపాడు. భార్య ఈదమ్మ సణిగినా, పొద్దున్నే తట్టి వినడం మానలేదు. భారత యూనియన్ మిలిటరీ వచ్చి రజాకార్లు పారిపోయిన వారానికి, కొండల్ దారిన పోతూ దాహమన్నాడు. అంజిలయ్య పీపాలోంచి చెంబు నింపి ఇచ్చాడు. ఒక్క గుక్క తాగి కొండల్ ఆగాడు. చెంబును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"నీళ్లేనా అన్నా?"

"నీళ్లే. సారా నువ్వే గద పారబోసినవ్."

కొండల్ మిగతావి కళ్లు మూసుకుని నెమ్మదిగా తాగాడు. తర్వాత చెంబును మళ్లీ ముందుకు చాపాడు.