పదకొండు నీలం తలుపులు

నేను పని మానేయడానికి రెండేళ్ల ముందు, ఒక ఆగస్టు మొదటి వారంలో, టీవీ సీరీస్ ఒకదానికి ఆర్ట్ డైరెక్టర్‌గా వాకాడు మండలంలోని ఒక పాళేనికి వెళ్లాను. చేపలు పట్టేవాళ్ల ఊరు. వారానికో కథ చొప్పున వచ్చే సైన్స్ ఫిక్షన్ సీరీస్ అది, మేము తీయబోయేది ఏడో కథ. షూటింగు నాలుగు రోజులు. దానికి ముందు వీధిని సిద్ధం చేసుకోవడానికి నా డిపార్ట్‌మెంటుకు ఐదు రోజులు ఇచ్చారు.

ఆర్ట్ డైరెక్టర్ అంటే బొమ్మలేసేవాడని చాలామంది అనుకుంటారు. నటులు తప్ప కెమెరాకు కనబడే ప్రతిదీ ఆయన బాధ్యతే. గోడ, గోడ మీద చెమ్మ, తలుపు, తలుపు మీద చేతి మసి, అన్నీ. నేను నెల్లూరులో షాపుల బోర్డులు రాస్తూ మొదలుపెట్టి ఆ స్థాయికి వచ్చినవాణ్ని. యూనిట్లో అందరూ ఖాదర్ భాయ్ అనేవారు. నా కింద ఒక అసిస్టెంటు, ఇద్దరు పెయింటర్లు, ఒక వడ్రంగి. నా పైన డైరెక్టర్ ఒక్కడే. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, జరిగినదానిలో ఎవరి చెయ్యి ఎంతో మీకు స్పష్టంగా తెలియాలి.

కథ ఇది. ఒక మనిషికి జ్ఞాపకం పోతుంది. ప్రయోగశాల వాళ్లు అతని తలలోకి లేని ఊరు ఒకదాన్ని ఎక్కిస్తారు. ఆ ఊళ్లో ఒకటే వీధి. ఇళ్లన్నీ ఒకటే తీరు, తలుపులన్నీ ఒకే నీలం. ఏ తలుపు తీసినా లోపల అన్నం వడ్డించుకుని ఒకామె కూర్చుని ఉంటుంది. వాటిలో ఒక్కటే అతని అసలు ఇల్లు. అది ఏదో అతనే తెలుసుకోవాలి.

సునామీ తర్వాత కట్టించిన కాలనీలో మాకు కావలసిన వీధి దొరికింది. పదకొండు ఇళ్లు, ఒకే అచ్చులో పోసినట్టు వరసగా. ఒక గది, వంటిల్లు, ముందు చిన్న వసారా. కానీ ఇన్నేళ్లు కాపురముంటే జనం ఊరుకుంటారా? ఒకరు తలుపుకు గులాబీ రంగు కొట్టించారు, ఒకరు చిలకాకుపచ్చ, ఒకరు గడప పైన దేవుడి టైలు అతికించుకున్నారు. వాళ్లు ఇన్నాళ్లుగా విడివిడిగా చేసుకున్న ఇళ్లను మళ్లీ ఒకేలా చేయడం నా పని. అయిపోయాక ఎవరిది వాళ్లకు ఉన్నది ఉన్నట్టు అప్పగించాలి. అందుకోసం ప్రతి తలుపునూ అన్ని వైపుల నుంచీ ముందే ఫొటోలు తీసి పెట్టుకుంటాం.

ఏడో ఇల్లు కామాక్షమ్మది. నలభై అయిదేళ్లుంటాయి, భర్త లేడు. తెల్లవారుజామున చేపల బుట్టలు ఆటోలో వేసుకుని వాకాడు పోయి అమ్ముకుని ఒంటిగంటకు వస్తుంది. ఇంట్లో ఆమె తండ్రి పోలయ్య ఉన్నాడు. ఒకప్పుడు పడవకు చుక్కాని పట్టిన మనిషి. ఫొటోలు తీస్తుంటే ఆమె నన్ను పక్కకు పిలిచింది.

"అన్నా, మా నాయనకు మతి నిలవటం లేదు. వొడ్డున మా పాత గుడిసె ఉన్నింది, సునామీకి పోయింది, అది మాత్రం బాగా గెవనం. ఈ ఇల్లు గెవనం ఉండదు. పసుపు తలుపు మనది నాయనా, పసుపు తలుపు మనది నాయనా అని రెండేళ్లు చెప్పి చెప్పి నేర్పించినా. పొద్దున్నే వొడ్డుకు పోయి పడవలు చూసుకుంటాడు. ఎండెక్కితే పసుపు తలుపు చూసుకోని వచ్చి అన్నం తింటాడు. ఆ ఒక్కటీ పోతే నేను ఆయన్ని లోపలేసి తాళం పెట్టుకోని పోవాల. మిగతా పదిళ్లకు ఏ రంగన్నా కొట్టుకోండి. మా తలుపు మాత్రం ముట్టుకోబాకండి."

సరేనమ్మా, నీ తలుపు జోలికి రాను అన్నాను. నా పుస్తకంలో "ఏడు, ముట్టరాదు" అని రాసుకున్నాను కూడా. డైరెక్టర్ కిరణ్‌కు ముప్పయ్యేళ్లు లేవు. అతనికి చెబితే వెంటనే ఒప్పుకున్నాడు. ముసలాయనను తిప్పలు పెట్టొద్దు భాయ్, కెమెరా అటు రాకుండా చూసుకుంటాను, లేదా డమ్మీ పెట్టండి అన్నాడు. డమ్మీ అంటే పలచటి ప్లైవుడ్డు రేకుకు రంగు వేసి, షాట్ తీసేటప్పుడు అసలు తలుపుకు ఆనించి, షాట్ అవగానే తీసేయడం. మా పనిలో మామూలే.

షూటింగు మొదటిరోజు డమ్మీతోనే గడిచింది. రెండోరోజు ఉదయం గాలి ఎక్కువైంది. ఎన్ని మేకులు కొట్టినా సముద్రపు గాలికి ఆ రేకు టపటపా కొట్టుకుంటోంది. నేను వెళ్లి మానిటర్‌లో చూశాను. మిగతా పది తలుపులు చక్కగా కుదిరాయి. కొత్త రంగు కొత్తగా కనబడకూడదని టీ డికాక్షన్, బూడిద కలిపి పూశాం. ఇరవై ఏళ్ల కిందట వేసిన నీలంలా దిగింది. నా ముప్పై నాలుగేళ్ల పనిలో అంత మంచి వీధి నేను తయారు చేయలేదు. మధ్యలో ఆ ఏడోది ఒక్కటే పంటి కింద రాయిలా ఉంది.

కిరణ్ ఏమీ అనలేదు. ఈ సంగతి తర్వాత నేను చాలామందికి చాలాసార్లు చెప్పాను. ప్రతిసారీ డైరెక్టర్ ఒత్తిడి చేశాడని చెప్పాను. అది అబద్ధం. అతను ఏడో తలుపు పడకుండా కెమెరా ఎక్కడ పెట్టాలా అని చూసుకుంటున్నాడు. పెయింటర్ మస్తాన్‌ను పిలిచి డమ్మీ పీకేసి తలుపుకే నీలం కొట్టమన్నది నేను.

"డైరెక్టర్ గారు చెప్పినారా భాయ్?" అని మస్తాన్ అడిగాడు.

"నేను చెబుతున్నాను" అన్నాను.

నా లెక్క నాకుంది. కామాక్షమ్మ ఒంటిగంటకు గానీ రాదు. పోలయ్య ఒడ్డుకు పోయాడు, పన్నెండు దాకా రాడు. నీళ్ల రంగే కదా, పదకొండుకు షాట్ అయిపోతే కడిగేస్తే పోతుంది. అయితే నున్నటి పాత ఎనామిల్ మీద నీళ్ల రంగు నిలవదు. ముందు సాండ్‌పేపరుతో గీరి గరుకు చేయాలి. అదీ చేయించాను. రెండేళ్లు ఆ ముసలాయనకు దారి చూపిన పసుపును ఇరవై నిమిషాల్లో గీరి పారేశాం. ఛీ, ఇప్పటికీ ఆ శబ్దం తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది.

పదిన్నరకు షాట్ మొదలైంది. కెమెరా వీధి ఈ చివరన ఉంది, హీరో ఆ చివర నుంచి నడిచి రావాలి. ఆ రోజు పడవలు పెందలాడే ఒడ్డుకు వచ్చేశాయట. హీరో కంటే ముందు పోలయ్య వీధిలోకి వచ్చాడు. పంచె ఎగగట్టుకుని, భుజాన తువ్వాలు. జనాన్ని ఆపాల్సిన అసిస్టెంట్ డైరెక్టర్ ఆయన్ని మా జూనియర్ ఆర్టిస్టే అనుకున్నాడు.

ఆయన నాలుగిళ్లు దాటి ఆగాడు. వెనక్కి వెళ్లాడు. మళ్లీ ముందుకు వచ్చాడు. ఒక తలుపు తోశాడు. లోపల మా ఆర్టిస్టు ఒకామె కంచం ముందు కూర్చుని ఉంది. "ఎవురమ్మా మీరు?" అని అడిగి, తలుపు దగ్గరగా వేసి, పక్కింటికి పోయాడు. అక్కడా ఒకామె, అక్కడా కంచం. ఆ పక్క ఇంట్లోనూ అంతే. అయిదో తలుపుకో ఆరో తలుపుకో "కామాచ్చీ" అని పిలవడం మొదలుపెట్టాడు. గట్టిగా కాదు, ఇంట్లో మనిషిని పిలిచినట్టే.

"ఎవరు భాయ్ ఈయన? ఏం చేస్తున్నాడండీ! ఎవరూ కట్ చెప్పకండి" అని కిరణ్ గుసగుసలాడాడు. అతను పోలయ్యను అంతకుముందు చూసి ఎరగడు. నేను ఎరుగుదును. మానిటర్ వెనకే నిలబడి ఉన్నాను. ఒక్క మాట అంటే చాలు. రెండు నిమిషాలకు పైగా అనలేదు. ఆ రెండు నిమిషాలూ నేను ఏం చూస్తున్నానో కూడా చెబుతాను. ఆ ఎండలో నా నీలం ఎలా దిగుతోందో చూస్తున్నాను.

ఆయన తన ఇంటి తలుపు కూడా తోశాడు. అందులోనూ మా ఆర్టిస్టే ఉంది. అక్కడ కూడా "ఎవురమ్మా మీరు?" అన్నాడు. అలా చివరిదాకా తీసి చూసుకుంటూ ఫ్రేములోంచి బయటికి వెళ్లిపోయాడు. కిరణ్ కట్ చెప్పాడు, యూనిటంతా చప్పట్లు కొట్టింది. ఎవరో ఒకరు ఇంట్లో కూర్చోబెడతారులే అనుకున్నాను. తర్వాతి షాటుకు లెన్సు మార్చారు. నేనూ ఆ పనిలో పడ్డాను.

ఒంటిగంటకు కామాక్షమ్మ వచ్చింది. ఖాళీ బుట్టలతో వీధి మొదట నిలబడిపోయింది. వేలు ఆడిస్తూ ఒకటి, రెండు, మూడు అని ఇళ్లు లెక్కపెట్టుకుంటూ నడిచింది. సొంత ఇంటికి ఆమె కూడా లెక్కపెట్టుకునే రావలసి వచ్చింది. తలుపు తీసి చూసింది. ఉట్టి మీది అన్నం గిన్నె మూత తీయనట్టే ఉంది.

"నాయన యాడ?" అంది. "పదకొండు తలుపుల్లో ఒక్కటి అడిగినా అన్నా. ఒక్కటి! సరేనని నీ నోటితోనే గదా అంటివి. పుస్తకంలో గూడా రాసుకుంటివే!"

కిరణ్‌కు అప్పుడు గానీ సంగతి తెలియలేదు; అప్పటిదాకా గాలికి నిలిచేలా డమ్మీనే బిగించామనుకున్నాడు. నా ముఖం వంక ఒకసారి చూశాడు. మరుక్షణం షూటింగు ఆపేసి బండ్లన్నీ వెతకడానికి పంపాడు. పాళెంలోని మగవాళ్లు కొందరు ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు పోయారు, కొందరు కాలవ కట్ట వెంబడి. నాలుగింటికి కాలవ అవతల సరుగుడు తోటలో దొరికాడు. చెప్పులు లేవు, అరికాళ్ల నిండా ముళ్లు, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఏడకు పోతా ఉండావు నాయనా అంటే "ఇంటికి పోతా ఉండా" అన్నాడట.

ఈలోగా మస్తాన్ తలుపు కడిగాడు. నీలం పోయింది గానీ కింద పసుపు గీట్లు గీట్లుగా, మచ్చలు మచ్చలుగా మిగిలింది. ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొస్తే గడప ముందు ఆగిపోయాడు. "పరాయోళ్ల కొంపలోకి పోగూడదు" అన్నాడు. ఇద్దరు పట్టుకుని లోపలికి తీసుకుపోవలసి వచ్చింది.

మర్నాడు ఆ తలుపును నేనే స్వయంగా బాగుచేశాను. ఫొటోలు ముందు పెట్టుకుని అదే పసుపు కలిపాను. గొళ్లెం కింద రాపిడి, మూల పెచ్చు, కుంకుమ బొట్లు, అన్నీ యథాతథంగా దింపాను. పాతదానికీ దానికీ తేడా కామాక్షమ్మకే తెలియలేదు. పోలయ్యకు మాత్రం ఆ తలుపు పనికిరాలేదు. రంగులో తప్పేమీ లేదు. ముందురోజు ప్రతి తలుపూ ఆయనకు అబద్ధం చెప్పింది. ఇక ఏ తలుపునూ ఆయన నమ్మలేదు.

ఇళ్లు తిరిగి అప్పగించేటప్పుడు యజమానుల చేత "ఉన్నది ఉన్నట్టు అందింది" అనే కాగితం మీద సంతకం తీసుకోవాలి. పది ఇళ్లవాళ్లు పెట్టారు. "ఉన్నట్టే ఉండాదని నువ్వే రాసుకో అన్నా" అంది కామాక్షమ్మ. రాసుకున్నాను. ఫైలు మూసేశాం.

ఆ షాట్ ఉంచాలా తీసేయాలా అని ఎడిటింగులో కిరణ్ నన్నే అడిగాడు. ముఖం సరిగా కనబడదులే, ఉంచు అన్నాను. కామాక్షమ్మను అడగాలని ఇద్దరికీ తోచలేదో, తోచినా అడగలేదో. ఆ కథ ప్రసారమయ్యాక అందరూ మెచ్చుకున్నది ఆ రెండు నిమిషాలనే. ఆ ముసలాయన ఎవరు, ఎక్కడ పట్టుకున్నారని నాకు ఫోన్లు వచ్చాయి. వీధి అమరిక అద్భుతమన్నారు. ఎవరికీ నిజం చెప్పకుండా థాంక్సండీ అన్నాను.

నాలుగు నెలలు పోయాక ఒకసారి ఆ ఊరు వెళ్లాను. పోలయ్య వసారాలో ఆ పసుపు తలుపుకే వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. కామాక్షమ్మ వాకాడు పోవడం మానేసిందట. వసారాలోనే కత్తిపీట పెట్టుకుని ఊళ్లోవాళ్లు తెచ్చిన చేపలు కోసిపెడుతోంది. నన్ను కూర్చోమనలేదు, పొమ్మనలేదు. తలుపు రంగు ఎలా నిలిచిందోనని నేను అలవాటుగా వంగి చూశాను. అది చూసి పోలయ్య, నేనే ఇంటి యజమానిని అనుకున్నాడేమో, గబగబా లేచి నిలబడ్డాడు.

"ఈ ఇల్లు మీదేనా సామీ? నాలుగు దినాలుగా మీ ఇంట్లోనే ఉంటా ఉండాం. ఈమె వేళకు అన్నం పెడతా ఉండాది, మంచి మనిషి. మా ఇల్లు ఈ వీధిలోనే ఉండాది, పసుపు తలుపు. మా బిడ్డ ఎదురు చూస్తా ఉంటది. యాడుందో రవంత చూపిస్తే పోతాను."

"రేపు చూపిస్తాను పెద్దాయనా" అన్నాను.

కామాక్షమ్మ కత్తిపీట మీద నుంచి తలెత్తింది. "అట్టా చెప్పబాక అన్నా. రేపు నువ్వు రావు. చూపిస్తానన్న మనిషి ఏడని రేపు నన్ను అడగతాడు" అంది.

దేనినైనా వాడుకుని మళ్లీ ఉన్నది ఉన్నట్టు ఇచ్చేయవచ్చునని మా వృత్తిలో అందరం నమ్ముతాం. తలుపు విషయంలో అది నిజమే, ఆ తలుపు ఇప్పటికీ బాగుంది. ఆ తలుపును ఆనవాలుగా పెట్టుకుని బతుకుతున్న మనిషి విషయంలో అది నిజం కాదు. అందుకే ఎవరైనా ఒకదాన్ని ముట్టుకోవద్దంటే ముట్టుకోకూడదు. ఇందులో కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు, ఆ రోజు తొమ్మిదింటికి, నీలం కొట్టమని చెప్పినప్పుడు కూడా ఇది నాకు తెలుసు.