నేలసంపెంగ, ముళ్ళపంది, మా అమ్మ ముక్కు

ఇది ఒక మహాసంగ్రామ గాథ. ఒళ్ళంతా ముళ్ళ కవచం తొడుక్కున్న శత్రువు ఏడు కొండలూ దిగి వస్తాడు. కింద కోటలో, పోగొట్టుకున్న వరం కోసం ఒక రాణి ఎదురుచూస్తూ ఉంటుంది. సేనాధిపతి వ్యూహం మీద వ్యూహం పన్నుతాడు. సుగంధానికీ దుర్గంధానికీ మధ్య ఘోరమైన పోరు జరుగుతుంది. ఆఖరికి వసంతం వస్తుంది.

అంత లేదు. కోట అంటే తిరుపతిలో కొండ కింద కాలనీలో, ఆఖరి వరసలో మా ఇల్లు. వెనకవైపు ప్రహరీ సగంలో ఉండగా సిమెంటు అయిపోయింది, మిగతా సగం కంప. శత్రువు అంటే ముళ్ళపంది. ఒకటో రెండో కూడా చెప్పలేను, దాన్ని మేమెవరం ఒక్కసారీ చూడలేదు. రాణి మా అమ్మ. సేనాధిపతి మా నాయన, రేణిగుంటలో ఒక గోడౌన్లో స్టోర్‌కీపరు. నేను డిగ్రీ చదివే కూతుర్ని. సైన్యమంతా నేనే.

వరం సంగతి చెప్పాలి. తొంభైల చివర్లో ఒక వానాకాలం అమ్మకు గట్టిగా జ్వరం వచ్చింది. జ్వరం పోయింది, పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది. ముక్కు ఉన్నచోటే ఉంది, ఊపిరి బాగానే ఆడుతోంది. కానీ ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు కింద పెట్టినా అమ్మ మొహంలో ఏమీ కదల్లేదు. డాక్టరు ముక్కులోకి లైటు వేసి చాలాసేపు చూసి, "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. ఆ మాట చీకట్లో కూడా చెప్పచ్చు.

మొదట్లో నాకది పెద్ద కష్టంగా తోచలేదు. కన్ను కాదు, కాలు కాదు. బస్టాండు పక్కన కాపురముండేవాళ్ళకైతే అదృష్టమే అనుకున్నాను. కానీ అమ్మ కొంచెం కొంచెంగా ఇంట్లోంచి పక్కకు జరుగుతున్నట్టు ఉండేది. కాఫీ మానేసింది. "ఉడుకునీళ్ళు తాగినట్ల ఉండాది, దానికి చక్కెర దండగ" అంది. పోపు మాడితే పొగ చూసి తెలుసుకునేది. కొత్తిమీర కట్ట కొని, అలవాటుగా ముక్కు దాకా తెచ్చి, మధ్యలో చెయ్యి దింపేసేది. పూలు పెట్టుకోవడం కూడా మానేసింది. ఎదురింటి అత్త మల్లెపూలు ఇస్తే తీసుకుని దేవుడి పటానికి వేసేది.

"తల్లో పెట్టుకో వదినా" అంటే, "నాకు తెలీని పూలు ఊరోళ్ళ కోసం మొయ్యాల్నా?" అనేది.

సాయంకాలం మాత్రం వెనక మెట్ల మీద కూర్చునేది. ఎండ కొండ వెనక్కి దిగాక, ఆ రాళ్ళు కాసేపు లోపల దీపం పెట్టినట్టు ఎర్రగా ఉండి, తర్వాత నీలంగా, తర్వాత ఏమీ లేనట్టుగా అయిపోయేవి. అప్పుడు అడిగేది.

"పాపా, ఇప్పుడు ఏం వాసన వస్తా ఉండాది?"

నేను రేడియోలో వాతావరణం చెప్పినట్టు చెప్పేదాన్ని. "కొండ పక్కనుంచి ఎండిన బోద గడ్డి. ఎదురింట్లో చేపల పులుసు. గుమ్మం దగ్గర నాయన చెప్పులు. రాగల ఇరవై నాలుగ్గంటల్లో ఆ చెప్పుల్లో మార్పు ఉండదు."

అమ్మ కళ్ళు మూసుకుని వినేది. చెప్పుల దాకా వచ్చేసరికి నవ్వేది. చేపల పులుసు మాత్రం ఇంకోసారి చెప్పమనేది.

కార్తీకంలో ఐరాల నుంచి మా మామ, అంటే అమ్మ తమ్ముడు, బస్సులో ఒక గోనెసంచి పంపించాడు. బావి దగ్గర పైపు వేస్తూ తవ్వితే నేలసంపెంగ గడ్డలు వచ్చాయట. అంగట్లో లిల్లీ అంటారే, ఆ తెల్ల పూలే. అమ్మ చిన్నప్పుడు ఆ బావి గట్టున వరసగా పూసేవట. సంచి విప్పితే మట్టి పట్టిన చిన్న ఉల్లిగడ్డల్లా ఉన్నాయి. వీటికి ప్రయాణం ఎందుకు, రసంలో వేసుకోడానికి కూడా పనికిరావు అనుకున్నాను.

అమ్మ ఒక గడ్డని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత మామూలు గొంతుతో, పప్పులో ఉప్పు చాల్లేదని చెప్పినట్టు చెప్పింది.

"ఈ వాసనలోనే పెరిగినా నేను. ఇది పూసినప్పుడు కూడా నాకు తెలీకపోతే, ఇంక ఈ ముక్కుకి ఏదీ తెలీదు. మళ్ళ నిన్ను అడగను పాపా, ఏం వాసన, ఏం వాసన అని."

ఈ షరతు పెట్టమని అమ్మని ఎవరూ అడగలేదు. డాక్టరే పెట్టలేదు. కానీ అమ్మ ఒక మాట అనుకుంటే అంతే. అప్పటికే కాఫీ విషయంలో చూశాం.

వెనక దొడ్లో పాది చేసి గడ్డలు పెట్టాం. వాన తడికి పచ్చగా మొలిచాయి. మాఘం వచ్చేసరికి పొద్దున పూట కొండ మీద మంచు, కింద దొడ్లో సన్నటి ఆకుల మీద మంచు. కానుగ చెట్టు పాత ఆకు రాలుస్తూనే కొత్త ఆకు తొడుక్కుంటోంది. పక్క తోటలో మామిళ్ళు పూతకొచ్చాయి. పళ్ళు తోముకుంటూ అక్కడ నిలబడితే, ఇంకా నిద్రలోనే ఉన్నానేమో అనిపించేది. ఒక పొద్దున అట్లా నిలబడి చూస్తే పాదిలో సగం లేదు.

సగం అంటే ఆకులు అక్కడే పడున్నాయి. గడ్డలు లేవు. లోతుగా గుంటలు, చుట్టూ మట్టి, కొరికి వదిలేసిన తొక్కలు. కంప పక్కన ఒక ముల్లు, నలుపూ తెలుపూ చారలతో, రాసుకోవచ్చు అన్నంత నున్నగా ఉంది.

"ముళ్ళపంది" అని ఎదురింటి అత్త ముల్లు చూడగానే తేల్చేసింది. "మా ఊర్లో గెనుసుగడ్డల చేను నున్నగా ఊడ్చిపెట్టేసింది ఒకపారి. గడ్డ ఉండే తావ దానికి ఎట్ల తెలుస్తాదో. ముక్కు అట్లాంటిది వదినా దానిది!"

అని, నాలిక కరుచుకుంది. అమ్మ గుంటల్ని చూస్తూ, "దానికన్నా ఉండాది కదా" అంది.

నాయన వంగి ఆ గుంటల్ని గోడౌన్లో తగ్గిన మూటల్ని చూసినట్టు చూశాడు. "ఎలకల్ని ఆపినోణ్ణి, దీన్ని ఆపలేనా?" అన్నాడు. ఆ రోజు నుంచే మా కష్టాలు మొదలయ్యాయి.

అడవి పందులు రాకుండా పల్లెల్లో చేలగట్ల మీద వెంట్రుకలు చల్లుతారు. మనిషి వాసనకి అవి వెనక్కి తిరుగుతాయని. నాయన రేణిగుంటలో క్షవరం అంగడి నుంచి ఒక సంచి నిండా వెంట్రుకలు తెచ్చాడు.

అత్త గడప మీద నుంచే అరిచింది. "తిరప్తిలో ఉండి ఎంట్రుకల కోసరం రేణిగుంటకు పోయినావా అన్నా?"

"కొండ మీదివి స్వామివి మా, వాటి జోలికి పోకూడదు. ఈ ఊర్లో క్షవరం అంగడోళ్ళని అడిగితే, అందరూ గుండుతోనే దిగొస్తా ఉండారు, మాకే పనిలేదు అన్నారు. ఇవి మామూలివి. మొక్కు లేనివి."

లోకమంతా వచ్చి తల దించే ఊళ్ళో గుప్పెడు వెంట్రుకలు దొరకలేదు. ఆ మొక్కు లేని వెంట్రుకల్ని నాయనా నేనూ పాది చుట్టూ ముగ్గు వేసినట్టు వేశాం. మాఘమాసంలో కొండ మీద నుంచి గాలి దిగుతుందన్న సంగతి ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళందరికీ తెలుసు, మా ఇద్దరికి తప్ప. మర్నాడు మధ్యాహ్నం అత్త చేట పట్టుకుని వచ్చింది. చేటలో ఆమె మిద్దె మీద ఎండబెట్టిన వడియాలు. ఒక్కోదానికి ఒక్కో మీసం.

"వదినా, ఎట్లాగూ పెంచినారు కదా, ఈటికి జడలు గూడా అల్లి ఇచ్చేయండి!"

అమ్మ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. తర్వాత మా పిండి రుబ్బి అత్త మిద్దె మీద మేమే వడియాలు పెట్టి ఇచ్చాం. ముళ్ళపంది మాత్రం ఆ రాత్రి వెంట్రుకల మీద నుంచే నడిచి వచ్చి భోంచేసి పోయింది. దాని ఒంటి మీద ఉన్నవాటితో పోలిస్తే మేము చల్లినవి దానికి ఏ మూలకు?

నాయన రెండో వ్యూహం కోడిగుడ్లు. గోడౌన్లో మూటలు మోసే ఒకాయన చెప్పాడట, కుళ్ళిన గుడ్ల నీళ్ళు తాడుకి పట్టించి కడితే ఏ జంతువూ దగ్గరికి రాదని. అది నిజం. నేను కూడా పోలేదు. పాత మట్టి కుండలో గుడ్లు కొట్టి, నీళ్ళు కలిపి, మూత కట్టి వారం దాకా మాగబెట్టి, ఆ నీళ్ళలో కొబ్బరితాడు ముంచి పాది చుట్టూ కట్టాడు నాయన. ఆ తర్వాత పోస్ట్‌మ్యాన్ ఉత్తరాలు వీధిలో నుంచే విసిరేవాడు. అత్త తన ఇంటి కిటికీలు మూసి, వదిన అనడం ఆపి, "ఏమ్మా" అనడం మొదలుపెట్టింది. నాయన అన్నం ముందర గదిలో, ఇంకా కొన్నాళ్ళకు మిద్దె మీద తిన్నాడు.

ఇంత దుర్గంధంలో ఒక్క అమ్మ మాత్రం మెట్ల మీద హాయిగా కూర్చునేది. తల విరబోసుకుని, చుట్టూ రాలిన కానుగాకులు, మీద నుంచి నీలంగా దిగే కొండ నీడ. దూరం నుంచి చూస్తే కలలో ఎవరో కూర్చున్నట్టు ఉండేది. దగ్గరికి పోయి చూసే ధైర్యం మాకు లేదు.

"పాపా, ఈపొద్దు ఏం వాసన?"

నేను పైట కొంగుతో ముక్కు మూసుకుని, "మామిడి పూత మా" అన్నాను.

"ఇంకా?"

"ఇంకేం వద్దులే మా. ఇదే జాస్తి."

అమ్మ నా మొహం వైపు తిరిగి, పైట చూసి, కుండ చూసి, తాడు చూసింది. "పాపం, ఎట్ల ఉండారు మీరు ఈ ఇంట్లో" అంది. నిజంగానే జాలిపడింది. ఆ జాలి భరించడం గుడ్ల కంటే కష్టంగా ఉండింది.

ముళ్ళపంది రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు వచ్చింది. పొద్దున చూస్తే ఒకే ఒక్క మొక్క మిగిలి ఉంది, తాడు మూలన.

ఈసారి నాయన గుంటల్ని లెక్కపెట్టి మెట్ల మీద కూలబడ్డాడు. అమ్మ ఆ ఒక్క మొక్క పక్కన మట్టి సర్దుతూ కూర్చుంది. అప్పుడు వీధి దాటి అత్త వచ్చింది, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో కోడిపిల్లల్ని మూసే వెదురు గంప ఈడ్చుకుంటూ.

"ఇది మూయండి. చుట్టూ రాళ్ళు పెట్టండి. ఆ తాడు ఊడబీకి యాడన్నా పూడ్సిపెట్టండి అన్నా, మీకు పున్నెం ఉంటాది."

"కోళ్ళు?" అంది అమ్మ.

"ఇంట్లో కట్టేసుకుంటాలే వదినా."

మళ్ళీ వదిన అయింది కాబట్టి సంధి కుదిరినట్టే. గ్రైండరు వచ్చాక మూల పడేసిన రుబ్బురోలు, దాని పొత్రం, పునాదిలో మిగిలిన రాళ్ళు అన్నీ మోసి గంప చుట్టూ పేర్చాం. తాడు పూడ్చాం. ఆ చుట్టూ ఫినాయిలు పోసి కడిగాం. ముళ్ళపంది వచ్చినట్టు గుర్తులు ఉండేవి, రాళ్ళ పక్కన గోకిన మట్టి, ఇంకో ముల్లు. కానీ రుబ్బురోలుని అక్కడిదాకా చేర్చేసరికి మా నలుగురికే ప్రాణం పోయినంత పనైంది, దాని వల్ల ఏమవుతుంది?

ఫాల్గుణంలో గంప నడినెత్తి బొక్కలోంచి ఒక కాడ బయటకి తల పెట్టింది. శ్రీహరికోటలో రాకెట్టు వదిలే రోజు మేమంతా మిద్దెక్కి తూర్పు వైపు చూస్తూ నిలబడతాం. ఈ కాడని అంతకంటే శ్రద్ధగా చూశాం. రాకెట్టు ఒక్క నిమిషంలో పోతుంది, ఇది మాత్రం వారాలు తీసుకుంది. మొగ్గలు ముందు ఆకుపచ్చగా, తర్వాత కొసల్లో కొంచెం ఎరుపు పూసుకున్నట్టు, తర్వాత పాలరంగులోకి తిరిగాయి.

మొగ్గలు తెల్లబడే కొద్దీ అమ్మ నన్ను వాసనలు అడగడం తగ్గించింది. మెట్ల మీద కూర్చునేది, కళ్ళు మూసుకునేది, అడిగేది కాదు. నేనే ఉండలేక, "నాయన చెప్పులు నిలకడగా ఉండాయి మా" అని చెప్పేదాన్ని. "ఊఁ" అనేది. నవ్వేది కాదు.

ఉగాది ఇంకా రాలేదు. ఒక సాయంకాలం నేను పాలు కాచుదామని పొయ్యి వెలిగించాను. దొడ్లో నుంచి నాయన కేక పెట్టాడు. "విచ్చింది! రండి, విచ్చింది!"

పరిగెత్తాను. అత్త కూడా వచ్చేసింది. గంప మీద, చీకటి పడబోయే ఆ నీలం వెలుతురులో, రెండు పూలు విచ్చుకుని ఉన్నాయి, తెల్లగా, లోపల నుంచి వెలుగుతున్నట్టు. వాసన గంప దాటి, రుబ్బురోలు దాటి, మెట్ల దాకా వచ్చింది. తియ్యగా, బరువుగా, ఎవరో తలస్నానం చేసి మెల్లగా పక్కనుంచి నడిచిపోయినట్టు. మా ముగ్గురికీ తెలిసింది. తెలిసినట్టు కనపడకుండా ఉండాలని ముగ్గురం ఊపిరి బిగబట్టాం.

అమ్మ వచ్చి రుబ్బురోలు మీద ఒక చెయ్యి ఆనించి వంగింది. కళ్ళు మూసుకుంది. నిదానంగా ఊపిరి పీల్చింది.

రెండో చెయ్యి కూడా రోలు మీద ఆనించింది.

మళ్ళీ పీల్చింది. కొండ మీద మెట్లదారి దీపాలు వెలిగాయి, వరసగా, ఆకాశంలోకి కుట్లు వేసినట్టు. నాయన తువ్వాలు మెలిపెడుతున్నాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక జోకు వెయ్యాలని వెతికాను. ఒక్కటి కూడా దొరకలేదు.

అమ్మ కళ్ళు తెరవలేదు. ముక్కు మాత్రం ఒకసారి చిట్లించింది. పూల వైపు నుంచి మెల్లగా తల పక్కకి, ఇంటి వైపు తిప్పింది.

"ఏందే పాపా," అంది, "పాలు యాడన్నా పెట్టినావా?"

"ఆఁ, పొయ్యి మీద..."

"మాడతా ఉండాయి."

ముందు ఎవరికీ బుర్రకెక్కలేదు. నేను, నాయన, అత్త ముగ్గురం వంటింట్లోకి దూరాం. పాలు పొంగి, ఇగిరి, అడుగంటి నల్లగా అయిపోయాయి. నాయన పొయ్యి ఆర్పాడు. అత్త గిన్నె దించింది. నేను కిటికీ తెరిచాను. ఆ మాడు వాసన మాకు ముగ్గురికీ వంటింటి గడప దాటాకే తెలిసింది. అప్పుడు ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

నాయన కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. బయట అమ్మ మళ్ళీ గంప మీదికి వంగి ఉంది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత కాడని చేత్తో పట్టుకుని, విచ్చిన రెండు పూలూ తుంచి, అక్కడే నిలబడి తల్లో పెట్టుకుంది.

మేమెవరం బయటికి పోలేదు. గిన్నె చూస్తూ నిలబడ్డాం.

పాలు మాడిన గిన్నెని వెంటనే తోమకూడదు. గుప్పెడు కల్లుప్పు, కొంచెం చింతపండు వేసి, నిండా నీళ్ళు పోసి తెల్లారేదాకా నానబెడితే, కొబ్బరిపీచుతో అట్టే రుద్దకుండానే వదిలిపోతుంది.