దగ్గి చూపించే డాక్టరమ్మ

గోదావరిఖనిలో మేం పిల్లల్ని చూపించుకునే డాక్టరమ్మకు ఒక అలవాటు ఉండేది. తల్లులు రోగం చెప్పలేక తడబడితే, తనే గొంతు బిగించి కుక్క మొరిగినట్టు దగ్గి, "గిట్లనేనా?" అని అడిగేది. వరుసలో కూర్చున్నవాళ్లంతా నవ్వేవారు. ఆమె మాత్రం నవ్వేది కాదు.

చలికాలం వస్తే చాలు, మా నాలుగేళ్ల బాబుకు ఆ దగ్గే మళ్లీ మళ్లీ వచ్చేది. ఓ సాయంత్రం ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులో కూత వినిపిస్తుంటే, అత్తా నేనూ వాణ్ణి ఎత్తుకొని పరుగెత్తాం. భయంతో నేను ఏడుస్తున్నాను, నన్ను చూసి వాడూ.

"ముందు నువ్వు ఊకో బిడ్డా. పోరడు ఏడిస్తె గొంతు ఇంకింత పట్టుకుంటది" అంది డాక్టరమ్మ. వాణ్ణి నా ఒళ్లోంచి దించనివ్వలేదు. ఒక గుక్క మందు తాగించి, వాడికేసి చూసి దగ్గింది. వాడు కిసుక్కున నవ్వాడు.

వాడి ఊపిరి కుదుటపడ్డాక అడిగింది: "బొగ్గుల పొయ్యి ఏడ ముట్టిస్తరు?"

"బయటనే. పొగ పోయినంక లోపటికి తెచ్చి, వెచ్చగుంటదని పోరని మంచం పక్కన పెడ్తం" అంది అత్త గొప్పగా. కాలనీలో అందరం చేసే పనే అది.

"నీ కండ్లకు కనవడని పొగ గూడ వాని గొంతుకు తెలుస్తది అవ్వా."

అప్పటినుంచి మా పొయ్యి గడప దాటి లోపలికి రాలేదు. దగ్గు రావడమూ తగ్గింది.

ఆమె బదిలీ అయి వెళ్లేరోజు, జీపు కదులుతుండగా మావాడు కుక్కలా దగ్గాడు. మళ్లీ ఆ దగ్గే వచ్చిందేమోనని గబుక్కున వాడివైపు తిరిగాను. చూస్తే వాడు నవ్వుతున్నాడు. డాక్టరమ్మ కూడా పకపకా నవ్వి, జీపులోంచి తల బయటపెట్టి కేకేసింది: "అవ్వా, పొయ్యి ఏడున్నది?"

"బయటనే బిడ్డా, బయటనే!"