రెండో డబ్బా

మా ఆయన కటింగ్ మాస్టర్. బట్ట మీద సుద్దతో ఒక్కసారి గీస్తే మళ్ళీ దిద్దే పని ఉండేది కాదు. అలాంటి చేతి కింద గీత వంకర పోయింది. తర్వాత కాలు ఈడ్చడం మొదలైంది. షాపు ఓనరు అందరి ముందూ, "ఏం మాస్టరూ, పొద్దున్నే మందేసి వచ్చావా?" అన్నాడు. వాణ్ణేం తిట్టను? ఇంటికి రాగానే నేనూ ఆయన నోరు వాసన చూశాను. ఆయన నోరు తెరిచి చూపించారు.

చివరికి పెద్దాసుపత్రిలో పేరు చెప్పారు, మల్టిపుల్ స్క్లెరోసిస్ అని. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే నరాల మీది తొడుగును కొరికేస్తాయట. "వాటిలో కొన్ని పేగుల్లోనే దారి తప్పుతున్నాయేమోనని అనుమానం. ఇంకా తేలలేదు. అందుకే మలం పరీక్షిస్తున్నాం" అంటూ డాక్టరమ్మ రెండు డబ్బాలిచ్చింది. ఒకటి ఆయనకి, ఇంకోటి ఆయనతో పెరిగి ఈ జబ్బు రాని తోబుట్టువుకి. రెండూ పోల్చి చూస్తారట.

"నా వంట వల్లా అమ్మా?"

"కాదమ్మా. అలాగని ఎవరన్నా నమ్మకండి."

ఆ తోబుట్టువు ఆయన అక్క, నాకు వదిన. ఆవిడ చెవికి పేగు అన్న ముక్క ఒక్కటే ఎక్కింది. "ఏం పెట్టి పాడు చేశావే వాడి కడుపుని?" అని వచ్చినవాళ్ళందరి ముందూ నన్ను దులిపేసింది. తన డబ్బా ముట్టుకోలేదు సరికదా, ఫ్రిజ్‌లో మూడు కవర్లు చుట్టి పెట్టిన ఆయన డబ్బా తీసి చెత్తలో పారేసింది.

ఎన్నడూ గొంతెత్తని మనిషి అరిచారు. "అక్కా! చేతులు పోయాయి, కాళ్ళు పోయాయి. నా దగ్గర ఒకరికి పనికొచ్చేది అదొక్కటే మిగిలింది. దాన్నీ పారేశావా!"

ఇంకో డబ్బా అడిగి తెచ్చాను. ఆయన అందులో మళ్ళీ మలం పట్టి ఇచ్చారు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని నేనే తీసుకెళ్ళాను. "అక్క చేత కూడా ఇప్పించు" అని చివరిదాకా అడుగుతూనే ఉన్నారు. ఊపిరితిత్తులకు నెమ్ము చేసి పోయారు.

ఆయన పోయిన వారానికి వదిన మా ముందు గదిలో కూర్చుని, "దీని వంటే వాణ్ణి..." అని మొదలెట్టింది.

లోపలికెళ్ళి ఆవిడ ముట్టని రెండో డబ్బా తెచ్చి ఆవిడ ఒళ్ళో పడేశాను.

"మీ కడుపు నేను పాడుచెయ్యలేదుగా? ఇవ్వండి. రేపు పొద్దున నేనే మోసుకెళ్తాను. మీ తమ్ముడు పోతూ అడిగింది ఇదొక్కటే."

వదిన డబ్బా చేతిలోకి తీసుకుని మూత తిప్పింది.

"ఎంత దాకా నింపాలే?" అంది మెల్లగా.

"గీత ఉందిగా, కనపడ్డం లేదా?" అన్నాను.